అలవాట్లేమీ లేవు సార్

నేను పనిచేసే జూనియర్ కాలేజీలో మత్తుమందుల వ్యతిరేక కమిటీకి కన్వీనర్‌ని నేనే. కెమిస్ట్రీ లెక్చరర్‌ని కాబట్టి ఆ బాధ్యత నా నెత్తిన రుద్దారు. రుద్దారని స్టాఫ్‌రూమ్‌లో సణిగాను గాని లోపల సంబరమే. చేతికి మైకు వస్తే వదిలే రకం కాదు నేను. నాలుగు ఆదివారాలు కూర్చుని ఇరవై రెండు స్లైడ్లతో ఒక ప్రజెంటేషన్ తయారుచేశాను. ముందు భ్రమలు పుట్టించే మందులు. అవి తీసుకున్నవాడికి గోడలు కదిలినట్టు, లేని మనుషులు వచ్చినట్టు ఎలా ఉంటుందో, ఆ భయంలో మేడ మీద నుంచి ఎలా దూకేస్తాడో చెప్పేవాణ్ని. ఆ తర్వాత ఫ్యాక్టరీ సరుకు, అంటే సింథటిక్ డ్రగ్స్. పొట్లంలో ఏముందో కొన్నవాడికే కాదు, అమ్మినవాడికీ తెలియదని చెప్పి ఒక్క క్షణం ఆగేవాణ్ని. హాలంతా నిశ్శబ్దమయ్యేది. ఏడో స్లైడులో నిద్రమాత్రల కుటుంబం ఉండేది. ఆ అణువు బొమ్మ గీసి, దీన్ని చాలాకాలం వాడి హఠాత్తుగా మానితే ఏమవుతుందో నాలుగు లైన్లలో రాశాను. ఆ నాలుగు లైన్లూ నాకు కంఠతా వచ్చు.

బొమ్మలన్నీ ఇంటర్నెట్ నుంచి దింపుకున్నవే. ఎర్రటి, నీలం లైట్ల కింద ఎగిరే కుర్రకారు, చిరిగిన జీన్సు, రంగురంగుల బిళ్ళలు. వాళ్ళలో ఒక్కరూ మా వరంగల్ మనిషిలా ఉండరు. ఒక్కరి కాళ్ళకూ పత్తిచేను మట్టి ఉండదు. అప్పుడు నాకది తప్పనిపించలేదు. డ్రగ్స్ అంటే అలాంటివాళ్ళ గొడవేనని నేనూ నమ్మాను.

ఒకసారి ప్రసంగం అయ్యాక, అడగాల్సినవి అడగండి అన్నాను. చివరి బెంచీ నుంచి బైపీసీ అమ్మాయి ఒకతె లేచింది. సన్నగా, రెండు జడలతో ఉంది.

"సార్, మా ఊర్ల కల్లుల ఏదో తెల్ల పొడి కలుపుతరట. తాగకపోతే ముసలోళ్ళు వణుకుతాండ్లు, పిచ్చిపిచ్చిగ మాట్లాడుతాండ్లు. అది గూడ డ్రగ్గేనా సార్?"

మంచి ప్రశ్న. ఆ రోజు హాల్లో వచ్చిన ప్రశ్నల్లో అసలైన ప్రశ్న అదొక్కటే. కాని కల్లు అన్న మాట వినగానే నాకు లోపల ఎక్కడో చుర్రుమంది. "కల్లు గురించి ఇంకో పీరియడ్ పెట్టుకుందాంలే అమ్మా. వచ్చేటప్పుడు ఓ సీసా తెచ్చుకో, ప్రాక్టికల్స్ చేద్దాం" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. కూర్చుంది. నేను నవ్వుకుంటూ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాను.

నాకెందుకు చుర్రుమందో చెప్పాలి. చెప్పడానికి ఇన్నాళ్ళూ నాకు మొహం చెల్లలేదు.

మా ఊరు పరకాల దారిలో. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న అంతకు ముందే పోయాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దదైన అక్క అత్తగారింట్లో కాపురం సరిగ్గా సాగక తిరిగొచ్చేసి ఉంది. నన్ను పెంచింది ఆమే. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. తెల్లారి లేచి నాకింత అన్నం వండిపెట్టి కూలికి పోయేది. నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి. పత్తి కాలంలో ఆమె వేళ్ళ చివర్లు కాయల మొనలు గుచ్చుకుని పగిలి ఉండేవి. ఆ వేళ్ళతోనే నా హోంవర్క్ నోట్సుకు అట్టలు వేసేది. అక్షరం ముక్క రాకపోయినా అట్ట మాత్రం ముడత పడకుండా వేసేది.

పొద్దుగూకితే కూలి ఆడవాళ్ళంతా కల్లు దుకాణం దగ్గర ఆగేవాళ్ళు. మావైపు అందులో వింతేమీ లేదు. మగవాళ్ళు ఒకపక్క, ఆడవాళ్ళు ఒకపక్క వరసగా కూర్చుని, ఆ రోజు చేనులో ఎవరేమన్నారో చెప్పుకుంటూ తాగి, చీకటి పడకముందే ఇళ్ళకు పోయేవాళ్ళు. నన్నూ వెంట తీసుకుపోయేది అక్క. తాటాకు దొప్పలో ఒక్క గుక్క పోసి, "తాగు, కడుపుల సల్లగుంటది" అనేది. అది చెట్టు మీద నుంచి పొద్దున దించిన కల్లు. తియ్యగా, కాస్త పుల్లగా ఉండేది.

తర్వాత చెట్లు తగ్గాయి. కొన్ని ఎండిపోయాయి, కొన్ని చేన్లు ప్లాట్లయినప్పుడు కూలిపోయాయి. తాగేవాళ్ళు మాత్రం తగ్గలేదు. అప్పటి నుంచి ఆటోలో ప్లాస్టిక్ క్రేట్లు దిగడం మొదలైంది. క్రేటు నిండా సీసాలు. ఊళ్ళో అందరికీ తెలుసు అది చెట్టు కల్లు కాదని. మందు కల్లు అనే పిలిచేవాళ్ళు. పేరు తెలిసీ తాగారా అంటే తాగారు. అలసిన ఒళ్ళు అడిగేది రుచి కాదు.

నాకు ఉద్యోగం వచ్చి హనుమకొండ సుబేదారిలో ఇల్లు కట్టుకునేసరికి అక్కకు ఆ సీసా లేకుండా పొద్దు గూకేది కాదు. ఓసారి నేను ఊరికి పోయినప్పుడు తనే చెప్పింది. "ఒక్క దినం తాగకుంటె చేతులు గుంజుతాయి తమ్మీ. నిద్రనే వస్తలేదు. గుండె దడదడ కొట్టుకుంటాంది. గిది మునుపటి కల్లు కాదు."

ఏడో స్లైడులో నేను రాసిన నాలుగు లైన్లలో మూడు ఆమె నోటి నుంచి వచ్చాయి. నేను ఏమన్నానో తెలుసా? "మానెయ్యక్కా, ఇజ్జత్ పోతాంది" అన్నాను. అని, కారెక్కి వచ్చేశాను.

గృహప్రవేశం రోజు సంగతి ఇంకొకటి ఉంది. కొత్త గడప ముందు ఇంటి దేవత పేరు చెప్పి కల్లు చిలకరించడం మావైపు ఆనవాయితీ. శాక పోయడం అంటాం. అక్క గుడ్డసంచిలో సీసా పెట్టుకుని, దాన్ని ఒళ్ళో పట్టుకుని బస్సులో వచ్చింది. హాల్లో మా ప్రిన్సిపాల్, తోటి లెక్చరర్లు ఉన్నారు. నేను సంచి అందుకుని వెనక్కు తీసుకుపోయి, బాత్రూంలో ఒంపేశాను. వెనక్కి తిరిగితే అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. కోప్పడుతుందనుకున్నాను. "నీళ్ళు పొయ్యి తమ్మీ, వాసనస్తది" అంది. తనే చెంబుతో నీళ్ళు పోసింది.

గృహప్రవేశమైన ఏడాదే, పత్తి కాలంలో ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. చేను నుంచి వస్తూ ట్రాలీ ఆటో దిగబోయి అక్క కింద పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించాను. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి, రేపు ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తామన్నాడు. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌నని, ఫలానా కమిటీ కన్వీనర్‌నని అడక్కుండానే చెప్పుకున్నాను. ఆయన నవ్వి, కుర్చీ చూపించాడు. నాకు అది చాలా నచ్చింది.

కేస్‌షీటు పట్టుకుని పక్కన నిలబడ్డ నర్సు నన్ను చూసి, "నమస్తే సార్, గుర్తున్ననా?" అంది. గుర్తుంది. రెండు జడల స్థానంలో ముడి వచ్చింది, అంతే తేడా. నాలుగైదేళ్ళ కింద కాలేజీలో కల్లు గురించి అడిగిన అమ్మాయి.

డాక్టర్ వరసగా అడుగుతూ పోయాడు. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఏమైనా మందులు పడవా. లేదు, లేదు అని అక్క చెప్తోంది. "అలవాట్లేమైనా ఉన్నాయా? గుట్కా, కల్లు, సారా?"

అక్క నోరు తెరిచింది. నేను ముందే అందుకున్నాను. "అలవాట్లేమీ లేవు సార్."

ఎంత తొందరగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. నర్సు తలెత్తి చూసింది. ఏ పిల్లను నిండు హాల్లో నవ్వులపాలు చేశానో ఆ పిల్ల ఎదుట, మా అక్క రోజూ కల్లు తాగుతుందని ఎలా చెప్పేది? అక్క నా వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం ఉంటే నాకు తేలికయ్యేది. లేదు. తమ్ముడు చెప్పాడంటే అందులో ఏదో మంచి ఉంటుందన్న నమ్మకం. తెరిచిన నోరు మూసుకుని పైన ఫ్యాను వైపు చూసింది. నర్సు కాగితం మీద ఆ గడిలో గీత గీసింది.

ఆపరేషన్ బాగానే అయింది. ఆ మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అక్క మంచం మీద ఒకచోట ఉండలేకపోతోంది. నుదురు, మెడ చెమటతో తడిసి ఉన్నాయి. టీ గ్లాసు చేతికిస్తే సగం దుప్పటి మీద ఒలికింది. "నిద్రనే పట్టలే తమ్మీ. ఇంటికి తోల్కపో" అంది. నొప్పికి అలా ఉందేమో అనుకున్నాను. అనుకున్నాను అని రాయడం కూడా అబద్ధమే. నాకు అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని కూర్చోబెట్టి మాట్లాడే ధైర్యం లేక నొప్పి అని పేరు పెట్టాను.

నర్సు నన్ను వరండాలోకి పిలిచింది. పక్కన ఎవరూ లేకుండా చూసుకుని గొంతు తగ్గించింది. నా పరువు గురించి నాకంటే ఆ పిల్లకే ఎక్కువ జాగ్రత్త ఉంది.

"సార్, ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. పెద్దమ్మకు కల్లు అలవాటున్నదా? మా నాయనమ్మ మానేసినప్పుడు గిట్లనే అయింది. మీరు ఊఁ అంటె సాలు, డాక్టర్ సారుకు నేనే చెప్త. ఎవలకూ తెల్వది."

ఒక్క అక్షరం అడిగింది. ఊఁ అంటే చాలన్నది. నేను ఏమన్నాను? "నీకింకా ఆ కల్లు పిచ్చి పోలేదా అమ్మా?" అని నవ్వాను. మళ్ళీ అదే జోకు. ఈసారి నవ్వడానికి హాల్లో ఎవరూ లేరు. ఆ పిల్ల నా ముఖంలోకి ఒక నిమిషం చూసి, "సరే సార్" అని పోయింది.

మధ్యాహ్నానికి అక్క పత్తి ఏరడం మొదలుపెట్టింది.

జనరల్ వార్డులో, పట్టపగలు, అందరి మధ్యా. దుప్పటి మీద వేళ్ళు ఆడించి, ఏదో గిల్లి తీసి, నడుముకు కట్టుకున్న ఒడిలో వేసుకున్నట్టు వేసుకుంటోంది. రెండు చేతులూ ఒకే వేగంతో పని చేస్తున్నాయి. నలభై ఏళ్ళ అలవాటు కదా, ఎక్కడా తడబాటు లేదు. "గీ సాలు నాది, నువ్వు ఆ సాలు వట్టు" అంటోంది. సెలైన్ గొట్టం చూసి, "పాము, పాము. ఎవలన్న కట్టె తేండ్రి" అని అరిచింది. గోడ మీద చీమలు బారులు కట్టాయంది. గోడ తెల్లగా ఉంది. గోడలు కదలడం, లేనివి కనిపించడం గురించి మైకులో అన్నిసార్లు చెప్పినవాణ్ని. నా కళ్ళ ముందు జరుగుతుంటే నేను చేసిన పని ఏమిటంటే, మంచం చుట్టూ తెర లాగడం. పక్క మంచాల వాళ్ళు చూస్తున్నారని.

తెర లోపల అక్క నన్ను గుర్తుపట్టలేదు. నన్ను ఎవరో తోటి కూలీ అనుకుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, భయంభయంగా చెవి దగ్గరకు వచ్చింది.

"సీసలు దాచుండ్రే. మా తమ్ముడు వస్తాండు. ఆని దోస్తులు సూస్తే ఆని ఇజ్జత్ పోతది. జల్ది దాచుండ్రి."

ఆమె మెదడు నిప్పుల మీద ఉంది. ఎవరు ఎవరో తెలియదు, తనెక్కడుందో తెలియదు. కాని ఆ ఒక్కటి తెలుసు. నా పరువు దాచాలని తెలుసు. అప్పుడైనా లేచి డాక్టర్ గదికి పరుగెత్తాల్సింది. నేను నా చెయ్యి విడిపించుకుని, గట్టిగా మాట్లాడకక్కా అన్నాను.

మూడు గంటలకు ఊరి నుంచి అక్క జత మనిషి వచ్చింది. ఇద్దరూ ముప్ఫై ఏళ్ళుగా పక్కపక్క సాళ్ళలో పత్తి ఏరినవాళ్ళు. టిఫిన్ డబ్బాలో అన్నం, చారు తెచ్చింది. తెర పక్కకు జరిపి, అక్క వేళ్ళ వైపు చూసి, డబ్బా కింద పెట్టేసింది. ఆమెకు అర్థం కావడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

"సారూ, గిది కల్లు పడక అయితాంది. మా కూలోళ్ళల్ల ఇద్దరికి గిట్లనే అయింది. ఒకలు పాయె గూడ. డాక్టర్‌కు చెప్పినవా?" అంది. నేను తెర మళ్ళీ మూయడం చూసి కొంగు చాటు నుంచి ఒక సీసా తీసింది. "పోనీ, జర రెండు గుక్కలు పోద్దాం. పానం నిలవడుతది."

సీసా చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. గృహప్రవేశం నాటి కోపమే, అలాగే ఉంది. "ఇది దవాఖాననుకున్నవా, కల్లు దుకాణమనుకున్నవా? నీలాంటోళ్ళే మా అక్కను ఖరాబు చేసిండ్లు" అని అరిచాను. వాచ్‌మన్‌ను పిలిచి బయటికి పంపించమన్నాను. మా అక్క నన్ను చదివించిన రోజుల్లో, అక్కకు జ్వరమొస్తే నాకు అన్నం పెట్టిన మనిషి ఆమె. టిఫిన్ డబ్బా మంచం కింద జాగ్రత్తగా సర్ది, "చారు సల్లారినంక తినవెట్టు సారూ" అని చెప్పి, వాచ్‌మన్ ముందు నడుస్తూ పోయింది.

ఆమె మెట్లు దిగి ఉంటుందో లేదో, అక్కకు ఫిట్స్ వచ్చాయి. ఒళ్ళంతా కట్టెలా బిగిసింది. తర్వాత మంచం ఊగిపోయేలా కొట్టుకుంది. ఆపరేషన్ చేసిన కాలు మంచం పక్కనున్న ఇనుప కడ్డీకి ఒకటికి నాలుగుసార్లు తగిలింది. నోటి పక్క నుంచి నెత్తురు కారుతోంది, నాలుక కరుచుకుంది. నర్సు పరుగెత్తుకొచ్చి అక్కను పక్కకు తిప్పి పట్టుకుంది. వెనకాలే డాక్టర్.

"ఏమైనా అలవాటుందా ఈమెకు? నిజం చెప్పండి!"

తెర పక్కకు లాగేశారు. మంచాల మీది రోగులు, వాళ్ళ మనుషులు అందరూ మావైపే చూస్తున్నారు. నర్సు అక్కను పట్టుకునే ఉంది, తలెత్తలేదు. "కల్లు" అన్నాను.

"ఏంటి? గట్టిగా చెప్పండి."

రెండోసారి చెప్పాల్సి వచ్చింది. "రోజూ కల్లు తాగుతుంది సార్. మందు కల్లు. చాలా ఏళ్ళ నుంచి."

ఆయన నన్ను తిట్టే టైం కూడా లేకుండా ఇంజక్షన్ పేరు చెప్పాడు. నరంలోకి ఎక్కించిన మందు పేరు విన్నాను. నా ఏడో స్లైడులో ఉన్న కుటుంబంలోదే. ఏది ఒక్కసారిగా ఆగిపోయి అక్క ప్రాణం మీదికి వచ్చిందో, దానికి చుట్టమైన మందునే కొలిచి ఇస్తే కొట్టుకోవడం ఆగింది. చేతులు దుప్పటి మీద వాలిపోయాయి.

సాయంత్రం డాక్టర్ తన గదికి పిలిచాడు. ఈసారి కుర్చీ చూపించలేదు. "కల్లులో బలం లేకపోతే మత్తు కోసం నిద్రమాత్రల పొడి కలుపుతారు. ఏ సీసాలో ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి తాగితే మెదడు దానికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారి ఆగితే తిరగబడుతుంది. లేనివి కనపడతాయి, వినపడతాయి, ఫిట్స్ వస్తాయి. మనిషే పోవచ్చు. మేము చూసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. మొదటిరోజే చెప్పి ఉంటే ముందుగానే మందు పెట్టుకునేవాళ్ళం. కెమిస్ట్రీ చెప్తారు గదా, మీకు తెలియదా?"

తెలుసు సార్ అన్నాను. అంతకంటే సిగ్గుమాలిన జవాబు నా జీవితంలో చెప్పలేదు. జత మనిషి తెచ్చిన సీసా సంగతి అడిగాను, పోసి ఉంటే బాగుండేదా అని. ఆ సీసాలో ఏముందో తెలియకుండా ఎలా పోస్తారు, ఆమె తెచ్చిన మాటే మీరు మాకు తెచ్చి ఉంటే సరిపోయేది అన్నాడు.

ఎక్స్‌రే తీస్తే ప్లేటు కదిలింది. మళ్ళీ ఆపరేషన్ చేయాలన్నారు. ముందు ఆమె స్థిమితపడాలి, మానసిక వైద్యుడు మాత్రలు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వస్తాడు, ఆ తర్వాతే అన్నారు.

అక్కకు ఆ మధ్యాహ్నం ఏదీ గుర్తులేదు. నాలుగో రోజు నన్ను చూసి, "తిన్నవా తమ్మీ?" అంది. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను. నర్సు మందుల ట్రే పట్టుకుని అటుగా వచ్చింది. ఆమెకు క్షమాపణ చెప్పాలని, "ఆ రోజు కాలేజీలో నువ్వడిగింది..." అని మొదలుపెట్టాను.

"కాలేజీ సంగతి ఇడిసిపెట్టుండ్రి సార్. నవ్విండ్లు, అయిపాయె" అంది. "మొన్న పొద్దుగాల ఊఁ అనాల్సింది సార్."

ఊరికి పోయి జత మనిషిని కూడా కలిశాను. టిఫిన్ డబ్బా తిరిగి ఇచ్చాను. ఆమె లోపలికి రమ్మని చాప వేసింది, టీ పెట్టింది, అక్క గురించి పది ప్రశ్నలు అడిగింది. వాచ్‌మన్ మాట ఎత్తనే లేదు. నేనే ఎత్తుదామనుకున్నాను. టీ అయిపోయింది, లేచి వచ్చేశాను.

ప్రజెంటేషన్ ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఎర్రటి లైట్ల బొమ్మ తీసేసి ప్లాస్టిక్ క్రేటు బొమ్మ పెట్టాలి. ఒకరోజు మా ఊరి దుకాణం ముందు ఫోటో కూడా తీశాను. ఇంకా పెట్టలేదు. పెడితే, ఇది మీకెలా తెలుసు సార్ అని ఎవరో ఒకరు అడుగుతారు.

రెండో ఆపరేషన్ ఇంకో పెద్ద దవాఖానలో జరిగింది. అప్పటికి అక్క మాత్రలు సగానికి తగ్గాయి. చేతులు వణకడం ఆగింది. ఆపరేషన్ రోజు పొద్దున మా ప్రిన్సిపాల్, ఇద్దరు లెక్చరర్లు పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చారు. మంచం చుట్టూ నిలబడి నాకు ధైర్యం చెప్తున్నారు. అంతలో మత్తు డాక్టర్ కాగితం పట్టుకుని వచ్చింది. కొత్త మనిషి, పాత ఫైలు ఇంకా తిప్పలేదు. అవే ప్రశ్నలు మొదలుపెట్టింది. షుగర్, బీపీ.

"ఏమన్నా మందులు వాడుతున్నవా అమ్మా? అలవాట్లేమన్నా ఉన్నయా?"

అక్క మా ప్రిన్సిపాల్‌ను చూసింది. గృహప్రవేశం రోజు హాల్లో కూర్చున్న మనిషిని గుర్తుపట్టింది. తర్వాత నన్ను చూసింది. దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి కొంగు సర్దుకుంది. పుట్టి బుద్ధెరిగాక నా పుస్తకాల భాష మాట్లాడని మనిషి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలాగా నా మాటలే అప్పజెప్పింది.

"అలవాట్లేమీ లేవు మేడం."

డాక్టర్ రాసుకోబోయింది. "ఉంది మేడం" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "మా అక్క ఇరవై ఏళ్ళ నుంచి మందు కల్లు తాగింది. మానితే ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు మాత్రలతో తగ్గిస్తున్నారు. మొదటిసారి అడిగినప్పుడు నేనే అబద్ధం చెప్పాను."

దుప్పటి అంచు కింద అక్క నా చెయ్యి గిల్లింది. చిన్నప్పుడు నలుగురిలో వాగితే గిల్లినట్టే, గట్టిగా. ప్రిన్సిపాల్ వాళ్ళు పండ్ల సంచి స్టూలు మీద పెట్టి, బయట ఉంటాం అని వెళ్ళారు. డాక్టర్ మాత్రల పేర్లు అడిగి రాసుకుంది.

స్ట్రెచర్ మీద థియేటర్ తలుపు దాకా వెంట నడిచాను. అక్క కళ్ళ నుంచి నీళ్ళు చెవుల మీదికి కారుతున్నాయి. ఆపరేషన్ అంటే భయపడుతోందనుకుని, ఏం కాదక్కా, ఫికర్ చెయ్యకు అన్నాను.

"నాకేమైతదిరా" అంది. "గంతమంది ముంగట గట్ల చెప్పినవు. రేపు కాలేజీల నీకెట్ల?"